అద్దంకి చేలో ఫ్రెంచి పత్తి పాట

గుంటూరు వెళ్ళొచ్చానని చెబితే మా కాకినాడలో ఎవరూ కుర్చీ వెయ్యరు. "కడుపు నిలబడిందా?" అని అడిగి ఊరుకుంటారు. కానీ ఈసారి నేను వెళ్ళింది ఒంటరిగా కాదు. ఆరున్నర అడుగుల మనిషి, ఆయన నెత్తిన జానెడు ఎత్తు టోపీ, మోకాళ్ళ దాకా తోలు బూట్లు, వీపున గిటారు, మెడలో ఇనపతీగల చట్రానికి బిగించిన మౌత్ ఆర్గాన్. ఇంత సరంజామాతో ఉన్న ఒక ఫ్రెంచి పాటగాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. టోపీతో కలిపి ఆయన మా వీధి కరెంటు స్తంభం కంటే పొడుగు. నమ్మనివాళ్ళు వచ్చి స్తంభాన్ని కొలుచుకోవచ్చు. ఆయన తిరిగి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు కనక నేనేం చెప్పినా చెల్లుతుంది.

ఈయన నా మెడకి ఎలా తగులుకున్నాడో ముందు చెప్పాలి. యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న రోజుల్లో మా మేనత్త ఇంట్లో ఉండి కొన్నాళ్ళు అక్కడ బడికి వెళ్ళాను. ఆ ఫ్రెంచిలో నాకిప్పుడు మిగిలింది పదమూడో ఎక్కం, ఒక ప్రార్థన, మా మేష్టారు తిట్టిన తిట్లూను. ఈ మూడింటితో ఏ ఫ్రెంచివాడితోనైనా పొద్దస్తమానం మాట్లాడగలనని బంధువుల్లో నాకు పేరు. ఆ పేరు నేనే తెచ్చుకున్నాను. అందుకే, పాండిచేరి మీదుగా యానాం వచ్చిన ఈ దొర "పత్తి చేలు చూపించే మనిషి కావాలి" అనగానే, మా మేనత్త కొడుకు నా చిరునామా రాసిచ్చి గబుక్కున తలుపు వేసుకున్నాడట.

దొర పేరు లూసియాన్. యాభై దగ్గరపడ్డాయి. పాట తనే రాసుకుంటాడు, బాణీ తనే కడతాడు, తనే పాడతాడు. భాషేమో ఫ్రెంచి, బాణీ మాత్రం అమెరికా పల్లెటూళ్ళది. గుర్రాలు, రైళ్ళు, దుమ్ము రోడ్లు, వదిలేసిపోయిన పెళ్ళాలు, పత్తి చేలు, ఇవే ఆయన పాటల్లో ఉండేవి. మన బుర్రకథని ఎవరైనా రష్యావాడు రష్యా భాషలో, తందాన తానతో సహా, గజ్జెలు కట్టుకుని చెబితే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

ఆయనకి పేరు తెచ్చింది ఒక పత్తి పాట. ఇరవై ఏళ్ళుగా ఆ పాట పాడకపోతే జనం ఆయన్ని వేదిక దిగనిచ్చేవారు కాదట. ఒకసారి అమెరికాలోనే ఏదో చిన్న ఊళ్ళో అది పాడితే, ముందు వరసలో ముసలాయన ఒకడు చప్పట్లు కొట్టకుండా లేచొచ్చి, "బాబూ, నువ్వెప్పుడైనా పత్తి తీశావా?" అని అడిగి వెళ్ళిపోయాడట. అంతే. ఆనాటి నుంచీ పాట సగంలోకి రాగానే ఈయన గొంతు పట్టేస్తోంది. వేసవిలో ఊరూరా కచేరీలు ఒప్పుకున్నాడు. ఆ లోపల పత్తి తీసేవాళ్ళ ముందు ఆ పాట పాడాలి. వాళ్ళు ఔనంటే కచేరీలకు వెళ్తాడు. కాదంటే గిటారు ఆ చేలోనే వదిలేసి, ఇంటికి పోయి వాళ్ళ అన్నగారి జున్ను కొట్టులో తక్కెడ పట్టుకుంటాడు. ఇదీ ఆయన ఒట్టు.

"ఆ అమెరికాలోనే అడక్కపోయారా?" అన్నాను.

"అక్కడిప్పుడు పత్తి యంత్రాలు తీస్తున్నాయి. యంత్రానికి పాట నచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

దీనికి నా పదమూడో ఎక్కంలో జవాబు లేదు. మా ఆవిడ మేనమామ సుబ్బారాయుడు గారికి అద్దంకి దగ్గర పత్తీ, మిరపా ఉన్నాయి. మా ఆవిడ కాజాల డబ్బా ఒకటి నా చేతికిచ్చి, "ఇవి మావయ్యకి. దారిలో మీరు తినకండి," అంది. మాఘమాసం. పత్తి చివరి తీతలు, మిరప మొదటి కోతలు. బయల్దేరాం.

మంగళగిరి

బెజవాడలో రైలు దిగి బస్సెక్కాం. మంగళగిరిలో కొండమీది నరసింహస్వామికి బెల్లం పానకం పోస్తే సగం తాగి సగం వదిలేస్తాడని అందరికీ తెలిసిందే. లూసియాన్‌కి చూపిద్దామని దిగాను. మెట్ల దగ్గర చెప్పులు విడవాలి కదా. ఆ బూట్లు విడవడం అంటే ఏమనుకున్నారు? ఆయన మెట్టు మీద కూచుని స్తంభాన్ని వాటేసుకున్నాడు. నేను బూటు పట్టుకుని లాగాను. నన్ను వెనక నుంచి కొబ్బరికాయలమ్మే ఆయన లాగాడు. ఆయన్ని ఇద్దరు యాత్రికులు లాగారు. బూటు వచ్చిన ఊపుకి మేం నలుగురం తాలూకాఫీసు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం.

పైన అర్చకుడు గారు శంఖంతో పానకం పోశారు. గుటగుటమని చప్పుడైంది, ఆగింది. మిగిలిన సగం ప్రసాదంగా మా చేతిలో పోశారు. లూసియాన్ చేతిలోది తాగేసి, "మా రికార్డుల కంపెనీ నిజంగా దేవుడు కాదని ఇప్పుడు తెలిసింది. వాళ్ళు సగం వెనక్కివ్వరు," అన్నాడు.

కిందికొచ్చేసరికి బూట్లకి కాపలా ఉన్న పూలావిడ ఒక బూటులో బంతిపూలు, రెండో బూటులో చేమంతులు పోసి అమ్ముతోంది. "మంచి గంపలండీ, ఇయ్యి నాకిచ్చి పోరాదూ?" అంది. కష్టం మీద విడిపించుకున్నాం. నేతగాళ్ళ వీధిలో ఎర్రంచు తువ్వాలు ఒకటి కొన్నాడు. పన్నెండు రూపాయలన్నారు. మా వైపు బేరమాడకపోతే అమ్మేవాడే నొచ్చుకుంటాడు కనక నేను బేరం మొదలెట్టాను. నేసినాయన మగ్గం మీద నుంచి లేవకుండా, "మీరు ఆరుకి ఆడతన్నారు. దొర పన్నెండిచ్చేసి మెళ్ళో కట్టుకున్నాడు. ఎనక్కి తిరిగి చూస్కోండి," అన్నాడు. చూసుకున్నాను. నిజమే.

ఆ తువ్వాలు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

గుంటూరు

మంగళగిరి నుంచి గుంటూరుకి పాసింజరు రైల్లో వెళ్ళాం. రైలంటే ఆయనకి ప్రాణం. ఆయన పాటల్లో రైలు ఎప్పుడూ దూరాన కూతేసుకుంటూ ఎవరినో తీసుకెళ్ళిపోతుంది. మా రైలు కూత వేసింది గానీ ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. సిగ్నలు దగ్గర ఆగి, పొలం పనులకి పోయే ఆడవాళ్ళు దాన్ని దాటి ముందుకు వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడింది. "ఇలాంటి రైలు మీద పాట రాయడం కష్టం," అన్నాడాయన.

గుంటూరు హోటల్లో ఇడ్లీ అడిగితే ఇడ్లీ కనపడలేదు. ఎర్రటి గుట్ట ఒకటి తెచ్చిపెట్టారు. కారప్పొడి తవ్వగా తవ్వగా అడుగున ఇడ్లీ బయటపడింది. మీద నెయ్యి పోసి, "తినండి, ఏం గాదు," అన్నాడు సర్వరు. మా వైపు పంచదారతో తినేవాళ్ళం కూడా ఉన్నామని చెబితే, నాకేదో పెద్ద జబ్బు చేసినట్టు చూసి, కాఫీలో డబ్బులు తీసుకోకుండా చక్కెర ఎక్కువేశాడు.

అక్కణ్ణించి మిరప యార్డుకి వెళ్ళాం. నేను అతిశయోక్తి చెప్పే మనిషిని కాను. కానీ అక్కడి మిరపకాయల గుట్టలు చూశాక హిమాలయాల మీద నాకున్న గౌరవం తగ్గింది. గేటు దాటగానే లూసియాన్ మొదటి తుమ్ము తుమ్మాడు. టోపీ ఎగిరి బస్తాల మీద పడింది. రెండో తుమ్ముకి మెళ్ళో ఉన్న మౌత్ ఆర్గాన్ తనంతట తనే ఒక పాట అందుకుంది. మూడో తుమ్ముకి వేలంపాట ఆగిపోయింది. వేలం వేస్తున్న దళారీ వెనక్కి తిరిగి, "ఏందయ్యా దొరా, ధర పెంచుతన్నావా, తుమ్ముతన్నావా? తేల్చి చెప్పు," అన్నాడు.

అక్కడి హమాలీలు ఆ గాలినే మల్లెపూల వాసనలా పీలుస్తూ పాన్ నములుతున్నారు. ఈయన కళ్ళూ ముక్కూ కృష్ణా, తుంగభద్రా అయి పారుతున్నాయి. బయటికి లాక్కొచ్చి, నోరు మారడానికి మంచిదేనని ఎవరో అంటే బుద్ధిలేక ఒక మిరపకాయ బజ్జీ ఇప్పించాను. కాజాల డబ్బా ఆ క్షణంలో తెరుచుకుంది. మా ఆవిడ మాట నిలబెట్టుకోవడం ఎంత ముఖ్యమో, విదేశీయుడి ప్రాణం నిలబెట్టడం అంతకన్నా ముఖ్యం. ఆరు కాజాలు ఆయనకి. కంగారులో నాకు నాలుగు.

కాసేపటికి ఆయన నోరు తెరిచి ఏదో అన్నాడు. గొంతు కాదది. పాత తలుపు. బొంగురు, జీర, మధ్యమధ్య గాలి. భయపడ్డాను. ఆయన మొహం మాత్రం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది.

"ఇదే! అమెరికా పల్లెటూరి గొంతు ఇదే! దీని కోసం ఇరవై ఏళ్ళు చుట్టలు కాల్చాను, సారా తాగాను, చలిలో షర్టు విప్పి నిలబడ్డాను. రాలేదు!"

గుంటూరు ఆ గొంతుని రూపాయి బజ్జీతో ఇచ్చింది.

అద్దంకి బస్సు

చిలకలూరిపేట మీదుగా బస్సు. రోడ్డుకి రెండు పక్కలా ఒక చేను ఎరుపు, ఒక చేను తెలుపు. ఆయన కిటికీలోంచి పత్తిని చూసి టోపీ తీసేశాడు. ఇరవై ఏళ్ళు తనకి అన్నం పెట్టిన పంటని చూడటం అదే మొదటిసారి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చేలు అయిపోయేదాకా అటే చూశాడు. నేను మాట్లాడలేదు. నా జీవితంలో ఇలాంటి సందర్భాలు తక్కువ.

పక్క సీటులో ముసలమ్మ ఆయన మెడలో ఉన్న తీగల చట్రాన్ని చూసి తట్టుకోలేకపోయింది.

"మెడ ఇరిగిందా నాయనా?"

"కాదమ్మా, అది నోటితో వాయించే బాజా," అన్నాను.

"నువ్వూరుకో. ఇరిగినోడికి తెలిసిద్దా, చెప్పేవోడికి తెలిసిద్దా? మా ఊళ్ళో కట్టు కట్టేవోడున్నాడు. కోడిగుడ్డు తెల్లసొనతో కట్టాడంటే ఇనుం అక్కర్లా." దిగేటప్పుడు ఆయన మెడ మెల్లగా నిమిరి దిగింది. ఆయన కళ్ళు మళ్ళీ పారాయి. ఈసారి మిరప వల్ల కాదు.

సుబ్బారాయుడు గారు

అద్దంకి బస్టాండులో ట్రాక్టరు ఎక్కి నిలబడి, మా బస్సు ఇంకా ఊళ్ళోకి రాకముందే, "ఏమయ్యా అల్లుడూ! ఈడ! ఈడ!" అని కేకేశారు మావయ్యగారు. ఆ కేకకి మా డ్రైవరు బ్రేకేశాడు. ఆయన రహస్యం చెప్పినా ఒంగోలుకి వినపడుతుంది.

మా వైపు భోజనంలో వడ్డించేవారు "ఇంకొంచెం వేసుకోండి, ఆయ్, మాకోసం" అని బతిమాలతారు. తినేవాడు వద్దంటాడు, వాళ్ళు వేస్తారు. అది నాటకం. ఇక్కడ "తిను" అంటారు. అంతే. గోంగూర, పండుమిరప పచ్చడి, జొన్నన్నం, చేత్తో విరవాల్సినంత గడ్డపెరుగు. లూసియాన్ అన్నిటికీ "ఊఁ" అంటూ తిన్నాడు. ఆయన గొంతు ఇంకో మెట్టు కిందికి దిగింది.

వచ్చిన పని, ఒట్టు, గిటారు సంగతి అన్నీ చెప్పాను. మావయ్యగారు చెయ్యి కడుక్కుని గిటారుని అటూ ఇటూ తిప్పి చూశారు. పొట్ట మీద తట్టారు. మధ్యలో ఉన్న కంతలో చెయ్యి పెట్టారు.

"అంటే, పాట బాగాలేదంటే ఈ పెట్టె మనకేనా?"

"ఆయ్, అంతేనండి."

"చేవగల చెక్కే. పొగాకు ఇత్తనాలు పోసి బిరడా పెడితే ఎలకలు రావు," అన్నారు. ఆ క్షణం నుంచి ఆయన ఎవరి పక్షమో నాకు అర్థమైపోయింది.

చేను

మర్నాడు పొద్దున్నే చేలోకి వెళ్ళాం. ఆడకూలీలు సాళ్ళలో వంగి ఉన్నారు. నడుముకి కట్టిన ఒడుల్లో తెల్లటి పత్తి. మేం గట్టెక్కగానే ఆ ముఠా పెద్ద అచ్చమ్మ వచ్చి దారికి అడ్డంగా కొంగు పరిచింది. చేలోకి కొత్త మనిషి వస్తే మామూలు ఇవ్వకుండా పోనివ్వకపోవడం అక్కడి ఆచారం. మా వైపు వరినాట్లప్పుడు కాళ్ళ దగ్గర నారుకట్ట పెట్టి ఇలాగే అడుగుతారు. తేడా ఏమిటంటే మావాళ్ళు నవ్వుతూ అడుగుతారు, అచ్చమ్మ పోలీసు జమాదారులా అడిగింది.

"ఈ రష్యా దొర మామూలియ్యంది అడుగు పడనియ్యం."

"రష్యా కాదమ్మా, ఫ్రాన్సు."

"ఏదైతే ఏంది, అదీ హైదరాబాదు అవతలేగా?"

విషయం చెప్పాను. ఈయన డబ్బు బదులు ఒక పాట ఇస్తాడు, పత్తి మీద కట్టిన పాట, బాగుందో లేదో మీరే తేల్చాలి అన్నాను. అచ్చమ్మ వెనక్కి తిరిగి, "ఏమ్మే, పాటంట!" అంది. సాళ్ళలోంచి, "పాడమను, పోయేదేవుంది!" అని వచ్చింది.

లూసియాన్ గట్టు మీద నిలబడి పాడాడు. గుంటూరు ఇచ్చిన గొంతు, నెమ్మదిగా నడిచే బాణీ, మధ్యలో మౌత్ ఆర్గాన్. సగంలో ఆయన గొంతు ఎప్పటిలాగే పట్టేసింది. కానీ ఆ బొంగురులో ఏది పట్టేయడమో ఏది పాడటమో మాకెవరికీ తెలియలేదు. ఆడవాళ్ళు ఆగకుండా పత్తి తీస్తూనే ఉన్నారు. చేతులు కాయ మీద నుంచి కాయ మీదికి పోతున్నాయి. పాట అయిపోయింది.

"బానే ఉంది బాబూ," అంది అచ్చమ్మ. "చేతికేం అడ్డం రాలా."

ఇక్కడే ఆగిపోయి ఉంటే ఆయన ఆ రోజే విమానం ఎక్కేవాడు. నేను ఫ్రెంచిలో ఆ మాట చెప్పబోతున్నాను. అచ్చమ్మ, "ఇంతకీ దానర్థమేందండీ?" అంది.

అబద్ధం చెప్పడం నాకు వృత్తి. కానీ అక్కడ ఎందుకో నోరు తిరగలేదు. "పొద్దు గూకుతోంది, తెల్లటి చేలో మనందరం ఒక్క గొంతుతో పాడుకుంటూ పత్తి తీస్తున్నాం, అని," అన్నాను.

నవ్వు మొదటి సాలులో పుట్టి చివరి సాలు దాకా పోయింది.

"ఒక్క గొంతుతోనా! పత్తి తీసేటప్పుడా!"

"ఏం, పాడరా?"

"నాట్లకైతే పాట గావాల," అంది అచ్చమ్మ. "అందరూ ఒక్కసారి వంగాల, ఒక్కసారి లెగాల. కలుపుకీ పాడతాం. పత్తికి ఎవరి సాలు వాళ్ళది. ముందు పోయేది ముందు పోయిద్ది, ఎనకబడ్డది ఎనకబడిద్ది. పాటెట్టా కలిసిద్ది?"

"మరి ఏం చేస్తారు?"

నాగమణి అని, వాళ్ళలో వయసులో చిన్నది, నడుం ఎత్తకుండానే జవాబిచ్చింది. "మాట్టాడుకుంటాం. ఇంకేం జేస్తాం? ఊళ్ళో ఎవురింట్లో ఏం జరిగిందో ఈ సాళ్ళల్లోనే గందా తేలేది. పాడుకుంటా కూకుంటే ఆ సంగతులన్నీ ఎప్పుడు చెప్పుకోవాల?"

ఇరవై ఏళ్ళు ఫ్రాన్సు దేశం మొత్తం కన్నీళ్ళు పెట్టుకుని విన్న పాట అలా గట్టు మీద పడిపోయింది. చెప్పక తప్పలేదు, చెప్పాను. ఆయన గిటారు పట్టీ భుజం మీద నుంచి తీసి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు గట్టు మీద పెట్టాడు. టోపీ దాని మీద పెట్టాడు. మావయ్యగారు వెనక్కి తిరిగి పాలేరుతో, "ఆ పొగాకు ఇత్తనాలు ఎండబెట్టారంట్రా?" అని అడగడం నాకు వినిపించింది.

అచ్చమ్మ ఆయన్ని కిందా మీదా చూసింది. "ఏమయ్యా దొరా, ఊరికే కూకుంటే పొద్దు పోయిద్దా? రా, సాలు పట్టు."

ఆయన మెడలో తువ్వాలు తీసి నడుముకి ఒడి కట్టేశారు. అచ్చమ్మ తన సాలు ఆయనకిచ్చి, తను పక్కన చేతులూపుకుంటూ నడవడం మొదలెట్టింది. కాయ తొక్కలు గుచ్చుకుని ఆయన వేళ్ళు చిల్లులు పడుతున్నాయి. ఆరున్నర అడుగుల మనిషి మూడడుగుల చెట్టుకి వంగడం చూస్తే జాలేసింది. అచ్చమ్మకి వెయ్యలేదు.

"పెళ్ళాం ఏదయ్యా?"

నేను మధ్యలో తర్జుమా చేస్తూ నడిచాను.

"వెళ్ళిపోయింది."

సాళ్ళన్నీ ఒక్కసారి దగ్గరికి జరిగాయి. ముందున్నవాళ్ళు నెమ్మదించారు, వెనకబడ్డవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"ఎవుడితో?"

"పళ్ళ డాక్టరుతో."

"ఎట్టా తెలుసు ఆమెకి వాడు?"

"నా పన్ను చూపించుకోవడానికి వెళ్ళేవాణ్ణి. ఆమె తోడొచ్చేది."

"ఎన్నాళ్ళు పోయావు?"

"ఏడాది."

"ఒక్క పన్నుకి ఏడాదా!" అచ్చమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "నీకప్పుడే అర్థం కాలా?"

"కాలేదు. డాక్టరు శ్రద్ధగా చూస్తున్నాడనుకున్నాను."

"పన్ను తగ్గిందా?"

"లేదు. చివరికి పీకేశాడు."

"పన్నునీ పెళ్ళాన్నీ ఒకడే పీక్కుపోయాడంట!" అంది నాగమణి.

నేనా మాట తర్జుమా చెయ్యాలా వద్దా అని ఆగాను. ఆయన నా మొహం చూసి చెప్పమన్నాడు. చెప్పాను. వంగినవాడు వంగినట్టే నవ్వాడు. నవ్వుతూ చెట్ల మధ్య కూలబడ్డాడు. ఒడిలో పత్తంతా ఒలికిపోయింది. ఆడవాళ్ళు ఏరి మళ్ళీ ఆయన ఒడిలోనే పోశారు, కొంచెం తమ ఒడుల్లో కూడా. సాలు చివరికి వచ్చేసరికి ఆయన అత్తగారి పేరు, ఆమె వండే కూర, డాక్టరు కారు రంగు అన్నీ ఆ చేలో తేలిపోయాయి.

తిరిగొస్తుంటే ఆయన నాతో అన్నాడు. "పెళ్ళాలు వదిలేసిపోయిన పాటలు ముప్ఫై రాశాను. అవన్నీ ఆమె నా పక్కన కూచుని ఉండగా రాసినవి. నిజంగా వెళ్ళిపోయాక ఒక్కటి కూడా రాయలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. వెళ్ళి పత్తి మీద పాడుకున్నాను."

కల్లం

మరుసటి రోజు మధ్యాహ్నం అదే ముఠా మిరప కల్లంలో ఉంది. ఎండబెట్టిన కాయల చుట్టూ కూచుని రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కల్లంలోకి చెప్పులతో రాకూడదు, పంట లక్ష్మి కదా. మళ్ళీ బూట్లు. ఈసారి మావయ్యగారు ఎద్దుల్ని తోలుకురమ్మన్నారు గానీ నేనే వద్దన్నాను.

ఆయన గిటారు తీసుకుని ఒక మూల మట్టిలో కూచున్నాడు. ఒట్టు ప్రకారం గిటారు నిన్ననే చేలో ఉండిపోవాలి. చివరిసారి ఒకటి పాడి ఇచ్చేస్తానన్నాడు. "త్వరగా కానీమను," అన్నారు మావయ్యగారు, చుట్ట వెలిగించుకుంటూ.

పొద్దున్న వేపపుల్ల నములుతూ కట్టిన పాట అది. నేనేమీ తర్జుమా చెయ్యలేదు, ఎవరూ అడగలేదు. వాళ్ళకి కథ తెలుసు. మొదట తీగ మీద టక్ టక్ టక్ మని కొట్టాడు, నాగమణి "పన్ను సలపరం" అంది. తర్వాత బాణీ మెట్లెక్కింది, డాక్టరు గది అనుకున్నాను. ఒకచోట గొంతు బాగా తగ్గించి ఏదో రెండు మాటలు అన్నాడు. అది ముందు గదిలో ఆమె ఒక్కతీ కూచున్న చోటు. ఆ తర్వాత గిటారు ఒక్కసారి ఆగిపోయింది. పన్ను పీకేశారు. నిశ్శబ్దంలోంచి మౌత్ ఆర్గాన్ చాలా దూరం నుంచి వచ్చినట్టు వచ్చింది.

"ఏమ్మే!" మావయ్యగారి కేక. "చేతులాగినయ్యేంది? కాయలెవరు ఏరతారు, మీ తాతా?"

అప్పుడు చూశాను. కల్లంలో ఒక్క చెయ్యి కదలడం లేదు. అచ్చమ్మ ఒక తాలుకాయ పట్టుకుని అలాగే గాల్లో ఉంచింది. మావయ్యగారు కేక పూర్తిచేసి చుట్ట పీల్చారు. పొగ రాలేదు. అది ఆరిపోయి చాలాసేపైంది. ఆ సంగతి ఆయనకి తెలిసింది, ఆయనకి తెలిసిందని అందరికీ తెలిసింది. నాగమణి కొంగు నోట్లో కుక్కుకుంది.

లూసియాన్ లేచొచ్చి గిటారు అచ్చమ్మ ముందు పెట్టాడు. ఒట్టు ఒట్టే కదా.

అచ్చమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఇది మాకెందుకండీ? ఆ పత్తి పాట ఈడ వదిలేసి పొమ్మనండి. ఈ పెట్టె తీసకపొమ్మనండి."

నేను తర్జుమా చేశాను. ప్రార్థన, ఎక్కం, తిట్లు మూడూ కలిపినా ఆ వాక్యం కట్టడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత గిటారు ఒళ్ళోకి తీసుకుని కల్లానికి దణ్ణం పెట్టాడు.

"మరి నా పొగాకు ఇత్తనాలు?" అన్నారు మావయ్యగారు. ఎవరూ పట్టించుకోలేదు. నేను కాజాల డబ్బా ఇచ్చి సముదాయించాను. మూత తీసి చూసి, అడుగున మిగిలిన రెండు కాజాల వంకా, నా వంకా మార్చి మార్చి చూశారు.

వెళ్ళబోతుంటే అచ్చమ్మ మళ్ళీ దారికి అడ్డంగా కొంగు పరిచింది.

"మామూలు?"

"పాట పాడాడు కదమ్మా!"

"ఆ పాటకి ఈ పాటకీ చెల్లు. ఆ సంగతి సగమే గందా చెప్పాడు. ఆమె ఆ పళ్ళోడి దగ్గర బాగానే ఉందా? మళ్ళా ఈ మనిషిని తలుచుకుందా లేదా? తెలుసుకుని వచ్చి చెప్పాల. అదీ మామూలు. పాటగా అక్కర్లా, ఊరికే చెబితే చాలు."

ఒప్పుకుంటేనే కొంగు తీసింది. బయట బూట్లలో ఎవరో ఆప్యాయంగా ఎండుమిరపకాయలు నింపి పెట్టారు. ఆయన చూసుకోకుండా కాలు పెట్టాడు. అద్దంకి బస్టాండు దాకా ఆయన నడిచిన నడకని అక్కడి పిల్లలు ఇప్పటికీ ఆడుకుంటున్నారట.

తిరిగొచ్చాక

మొన్న శ్రావణమాసంలో ఒక పెళ్ళిలో మావయ్యగారు కనిపించి, పెళ్ళిమంత్రాలు ఆగిపోయేలా కేకలేశారు. "ఏం మనిషిని తెచ్చావయ్యా అల్లుడూ! ఆ పత్తి పాట ఉంది చూడు, దానికి పళ్ళ డాక్టరు మాటలు కట్టి మా చేలో కలుపు తీస్తా పాడతన్నారు. ఎడ్లు కూడా నిద్రపోతన్నాయి. సాలుకి పూట పడతంది. మానుకోండే అంటే, 'మాదే గందా, వదిలేసి పోయాడు' అంటన్నారు. ఆ అచ్చమ్మేమో కనపడ్డప్పుడల్లా 'దొరొచ్చాడా, దొరొచ్చాడా' అని నన్ను తింటంది."

లూసియాన్ కచేరీలు బాగా జరిగాయట. పత్తి పాట పాడమని జనం అరిస్తే, అది అద్దంకిలో ఉంది, కావాలంటే అక్కడికి వెళ్ళి వినండి అంటున్నాడట. పన్ను పాట పాడిన ఒక ఊళ్ళో ముందు వరసలో ఎవరో కూచున్నారట. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా యానాం మీదుగా నాకు కబురందింది. వచ్చే పత్తి తీతలకి వస్తాననీ, ఈలోగా నన్ను నోరు మూసుకుని ఉండమనీ చెప్పాడు.

కనక ఆమె ఒంటరిగా వచ్చిందా, డాక్టరుతో వచ్చిందా, పాట మధ్యలో లేచిందా, చివరి దాకా కూచుందా అన్నవి నేను మీకు చెప్పను. మా ఆవిడకే చెప్పలేదు, ఆవిడ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. అది అచ్చమ్మకి ఇవ్వాల్సిన మామూలు. మరీ ఆగలేకపోతే అద్దంకి వెళ్ళి, నడుముకి ఒడి కట్టుకుని, ఒక సాలు పట్టండి. వెళ్ళేముందు మీ ఇంటి సంగతులు మాత్రం ఒకసారి సర్దుకుని వెళ్ళండి.